మాగబెట్టే గదిలో పోయిన హాఫ్‌మూన్

పోయిన నెలలో మా తమ్ముడి కొడుకు ప్రవీణ్ కొత్త కారు కొన్నాడు. కారుకి నీడ కావాలని, రెడ్డిగూడెం దగ్గర మా పాత ఇంటి పెరట్లో మామిడికాయలు మాగబెట్టే గదిని పడగొట్టించాడు. నలభై ఏళ్లుగా బండ్లు విప్పి బిగిస్తున్న మేనత్త నూజివీడు రోడ్డు మీదే షెడ్డు పెట్టుకుని కూర్చుంటే, వాడు ఫోన్లో ఎవడో కుర్రాడి వీడియో చూసి కారు ఎంచుకున్నాడు. నన్ను ఒక్క మాట అడగలేదు. ఆ ఉక్రోషం నాకింకా చల్లారలేదు కాబట్టి, వాడు ఫోన్ చేసినప్పుడు కాస్త బెట్టు చేశాను. "అత్తా, గోడ కూలుస్తుంటే పైగూట్లోంచి ముక్కుపొడి డబ్బా పడింది. మీ మామ్మది అనుకుంటా. లోపల గుడ్డలో చుట్టి ఏదో ఇనపముక్క ఉంది. నీ సామానులా ఉంది, వచ్చి చూస్తావా?" అన్నాడు. బెట్టు మధ్యలోనే వదిలేసి స్కూటర్ తీశాను. డబ్బా మూత తీసి, గుడ్డ పగిలిన చోట తొంగిచూస్తున్న ముక్కని చూసి, కూలిన మట్టిపెళ్లల మీద అలాగే చతికిలబడ్డాను. అది హాఫ్‌మూన్. చిన్న మామిడిబద్ద ఆకారంలో ఉండే ఉక్కుముక్క. నేను మెకానిక్ అవ్వాలా, టీచర్ అవ్వాలా అని కొట్టుకుంటున్న రోజుల్లో ఏలూరు బుట్టలో పోయిందని ఇంటిల్లిపాదీ నమ్మిన ముక్క. అది ఏలూరు వెళ్లనే లేదు. మా పెరటి గోడలోనే ఉంది.

ఆ గది గురించి ముందు చెప్పాలి. మట్టిగోడలు, తాటాకు కప్పు, కిటికీ లేదు. వేసవి రాగానే వరిగడ్డి పరిచి, కాయల్ని వరసలుగా పేర్చి, మీద మళ్లీ గడ్డి కప్పేవాళ్లు. తలుపు తీస్తే వెచ్చటి వాసన ముఖానికి కొట్టేది. ఆ గదికి మహారాణి మా మామ్మ, అంటే నాన్నని కన్న తల్లి రాహేలమ్మ. చెప్పులతో లోపలికి రాకూడదు. మగవాళ్లు అసలే రాకూడదు. కాయని బొటనవేలితో నొక్కి చూసినవాళ్లకి పరలోకరాజ్యం లేదని ఆమె గట్టి నమ్మకం. బైబిల్లో అలా ఎక్కడా లేదమ్మా అని పాస్టరు గారు చెప్పినా, మీరు సరిగ్గా చదివుండరు అని కొట్టిపారేసింది. రోజూ తెల్లారగానే తలుపు తీసి, గడపలో నిలబడి, కళ్లు మూసుకుని ఒక్కసారి గాలి పీల్చేది. "ఆ మూల చిన్నరసాలు ఇవాళ తీసెయ్యండి. గోడవైపు బంగినపల్లి ఎల్లుండి," అనేది. ఒక్కసారి కూడా తప్పలేదు. ఆ తర్వాత నడుముకి దోపుకున్న డబ్బా తీసి, చిటికెడు ముక్కుపొడి పట్టించేది. అంత గొప్ప ముక్కుకి ఆ శిక్ష ఏంటత్తయ్యా అని అమ్మ అడిగితే, "పని చేశాక జీతం ఇవ్వొద్దా దానికి?" అనేది.

మా నాన్న ఎయిడెడ్ స్కూలు హెడ్మాస్టరు. చర్చిలో సంఘపెద్ద. తెల్ల పంచె, తెల్ల చొక్కా, వాటి మీద కనపడని సుద్దపొడి. ఆయన తండ్రి టీచరు, ఆయన చెల్లెళ్లిద్దరూ టీచర్లు, ఆదివారం మా ఇంటికి భోజనానికి వచ్చేవాళ్లంతా టీచర్లు. మా ఇంట్లో పప్పులో ఉప్పు తక్కువైతే దానికి కూడా మార్కులు వేసేవాళ్లు. నేను రెండో ప్రయత్నంలో ఇంటర్ గట్టెక్కగానే, నాకు టీచర్ ట్రైనింగ్ అని నాన్న నిర్ణయించేశారు. ఆయన దాన్ని నిర్ణయం అని కూడా అనుకోలేదు. పొద్దున లేస్తే పళ్లు తోముకుంటాం కదా, అలాంటిదే.

ఈ తెల్లబట్టల వంశానికి గ్రీజు మరక మా మేనమామ ఏసోబు. అమ్మకి తమ్ముడు, పెళ్లీ పెటాకులూ లేనివాడు. రోడ్డు పక్కన తాటాకు షెడ్డు వేసుకుని ట్రాక్టర్లు, జీపులు, మామిడికాయల వ్యాన్లు బాగుచేసేవాడు. కాపురం కూడా ఆ షెడ్డులోనే. పండక్కి మా ఇంటికి వస్తే నాన్న ఆయనకి వేరే కుర్చీ వేయించేవారు. చెక్క కుర్చీ, మరక పడితే తుడుచుకోవచ్చని. మావయ్య అదేమీ పట్టించుకునేవాడు కాదు. "మీరూ నేనూ ఒకటే బావగారూ. మాట వినని మొండివాటిని దారిలో పెట్టడమే ఇద్దరి పనీ," అనేవాడు. "నావి మాట్లాడతాయి ఏసోబూ," అనేవారు నాన్న గంభీరంగా. "అదే కదా బావగారూ మీ ఖర్మ," అని మావయ్య ఇంకో ముక్క కోడికూర వేయించుకునేవాడు.

మధ్యాహ్నాలు మావయ్యకి క్యారియర్ తీసుకెళ్లే పని నాది. అన్నం తినేదాకా ఊరికే కూర్చోవడం ఎందుకని స్పానర్లు అందించడం మొదలుపెట్టాను. తర్వాత నట్లు విప్పాను. ఆ తర్వాత, ఆయన తింటుంటే నేనే బండి కిందకి దూరేదాన్ని. డీజిలు వాసన, పాత గ్రీజు వాసన, ఎండకి కాగిన టార్పాలిన్ వాసన, వాటి మధ్య పక్కనే లోడ్ అవుతున్న పండ్ల వాసన. ఆ కలగలుపు వాసన నాకు మహా ఇష్టం. ఇప్పటికీ సెంటు కొనమంటే కొనను. నాకు చదువు మీద ద్వేషమేమీ లేదు కానీ, పుస్తకంలో లెక్క తప్పితే ఎర్రసిరా పడుతుంది, అంతే. బండిలో లెక్క తప్పితే బండి కదలదు. ఆ మొండితనం నాకు నచ్చింది. బహుశా నాలోదే అనుకుంటా.

ఆ వేసవిలో తోటల్లో కాయల కంటే ముందు మా మావయ్య పండాడు. పచ్చకామెర్లు. కళ్లు, గోళ్లు అన్నీ బంగినపల్లి రంగు. ఆకుపసరు పోసిన ఆయన నెల రోజులు నూనె, కారం, మామిడిపండు ముట్టుకోవద్దన్నాడు. చుట్టూ పదూళ్లు రసాలు జుర్రుకుంటుంటే ఈయన షెడ్డులో నులకమంచం మీద పడుకుని మజ్జిగన్నం తింటూ లోకాన్ని తిట్టేవాడు. అదే సమయానికి రాఘవయ్య గారి వ్యాను విప్పేసి ఉంది. రాఘవయ్య గారంటే మా ప్రాంతంలో పేరున్న తోటల రైతు. ఆయన బండి బాగుచేస్తే పదిమంది బండ్లు వస్తాయి, ఆయన మొహం చాటేస్తే పదిమందీ చాటేస్తారు. ఇంజనుకి డీజిలు అందించే పంపుని మావయ్య ఊడదీసి శుభ్రం చేశాడు. తిరిగి బిగించేలోపు మంచమెక్కాడు. ఆ పంపు ఇరుసుకీ దాన్ని తిప్పే పళ్లచక్రానికీ మధ్య గాడిలో కూర్చుంటుంది ఈ హాఫ్‌మూన్. వేలిగోరంత ముక్క. అది లేకపోతే చక్రం చక్రంలా తిరుగుతుంది, ఇరుసు తన మానాన తాను ఉంటుంది, బండి స్టార్ట్ అవ్వదు.

షెడ్డుకి తలుపు లేదు. కోతులు కాయల కోసం వచ్చి, కాయలు దొరక్కపోతే నట్లు ఎత్తుకెళ్లేవి. ఒకసారి ఒక కోతి స్పార్క్ ప్లగ్ని కొరికి చూసి, రుచి లేదని బావిలో పడేసింది. అందుకని మావయ్య, "కోడలా, ఈ చిన్న సామానంతా ఇంటికి పట్టుకెళ్లి ఎవళ్లూ చెయ్యి పెట్టని చోట దాచవే," అన్నాడు. ఎవరూ చెయ్యి పెట్టని చోటు మా ఇంట్లో ఒక్కటే. పంపు తాలూకు నట్లు, వాషర్లు, హాఫ్‌మూన్ అన్నీ డీజిలు తడి ఆరని గుడ్డలో మూటగట్టి, మామ్మ ముక్కుపొడి కొనుక్కురావడానికి వెళ్లినప్పుడు గదిలోకి దూరి, మూలన గడ్డి కింద పెట్టాను. డీజిలు గుడ్డని మామిడిపండ్ల గడ్డిలో పెట్టకూడదని ఆలోచించేంత బుర్ర ఆ వయసులో నాకు లేదు. పండు ఎలా మాగుతుందో పుట్టినప్పటి నుంచి చూస్తున్న పిల్ల చేయాల్సిన పనా అది?

ఇంతలో నేను రోజూ షెడ్డులో ఏం వెలగబెడుతున్నానో నాన్నకి తెలిసిపోయింది. నా గోళ్లు చూసి ఆయనే అడిగారు. కేకలేం వేయలేదు. మా నాన్న కేకలు స్కూల్లోనే అయిపోయేవి. "శుక్రవారం ఏలూరులో, మన స్కూళ్లు నడిపే కరస్పాండెంట్ గారి దగ్గర ఇంటర్వ్యూ. ట్రైనింగ్ సీటు ఆయన చేతిలో ఉంది," అన్నారు. రాఘవయ్య గారి బండి సగంలో ఉంది నాన్నా, మావయ్య లేవలేకపోతున్నాడు అన్నాను. నాన్న నా గోళ్లు మళ్లీ ఒకసారి చూసి, "ఆ ఒక్క బండీ పూర్తి చెయ్. తర్వాత కిరోసిన్‌తో ఒకసారి, సబ్బుతో ఒకసారి చేతులు కడుక్కో. మళ్లీ ఆ షెడ్డు వైపు వెళ్లనని మాటివ్వు," అన్నారు. ఇచ్చాను. ఇక్కడ అబద్ధం రాసుకోవచ్చు, లోపల మాత్రం తిరగబడ్డానని. అలాంటిదేమీ లేదు. నాకు భయం వేసింది. ఆడపిల్ల మెకానిక్ అయితే ఎక్కడ పని చేస్తుంది, ఎవరు బండి ఇస్తారు, చీర కట్టుకుని బండి కిందకి ఎలా దూరుతుంది, ఏదీ తెలియదు. అలాంటి మనిషిని ఒక్కర్ని కూడా చూడలేదు. టీచర్లని మాత్రం పుట్టగానే చూశాను. కాబట్టి ఆ ఒక్క బండీ బిగించి, బుద్ధిగా సుద్దముక్క పట్టుకుందామనే అనుకున్నాను. మిగిలింది నాలుగు బోల్టులు బిగించే పని, అంతే.

బుధవారం నాడు మామ్మ తన చేత్తో పెద్దరసాలు ఏరి, కింద గడ్డి వేసి, బుట్టకి గోనెపట్టా కుట్టి, దాని మీద చెయ్యి పెట్టి గట్టిగా ప్రార్థన చేసి, ఏలూరు బస్సు కండక్టరుకి అప్పగించింది. కరస్పాండెంట్ గారికి. మా ప్రాంతంలో ఎవరింటికైనా పని మీద వెళ్లబోయే ముందు మన బుట్ట వెళ్లాలి. దాన్ని లంచం అనకూడదు, మర్యాద అనాలి. గురువారం పొద్దున నేను మూట తీసి చూసుకుంటే నట్లున్నాయి, వాషర్లున్నాయి, హాఫ్‌మూన్ లేదు. ఆ మూల గడ్డంతా చేత్తో దువ్వాను. మామ్మ గడపలో నిలబడి, ఏమీ ఎరగనట్టు, "ఏంటే వెతుకుతున్నావ్?" అంది. అంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ముక్కుపొడి పట్టించి, తీరిగ్గా తుమ్మి, "ఆ మూల గడ్డే కదే ఏలూరు బుట్టలో వేశాను. దాంతో పాటు వెళ్లిపోయుంటది. నువ్వు ముడి సరిగ్గా వేసుండవు," అంది. ఆ ముఖంలో అమాయకత్వం చూస్తే ఎవరైనా కొవ్వొత్తి వెలిగిస్తారు.

అదే రోజు సాయంత్రం రాఘవయ్య గారు షెడ్డుకి వచ్చి మావయ్య మంచం పక్కన నిలబడ్డారు. "ఏసోబూ, కాయ కోయించేశాను. శనివారం మధ్యాహ్నానికి లోడ్ అవ్వాలి. అవ్వదంటే ఇప్పుడే చెప్పు, ఇంకో బండి మాట్లాడుకుంటాను. తర్వాత మాత్రం నా బండ్లేవీ ఇటు రావు," అన్నారు. ఆయన మాట కఠినంగా లేదు, ఉన్నమాట అంతే. ముక్క పోయిందని అప్పటికే నా నోట విన్న మావయ్య పచ్చటి కళ్లతో నా వైపు చూశాడు. ఏలూరు ఎలాగూ వెళ్తున్నాను, అక్కడ వెతికి తెస్తాను అని నేను కళ్లతోనే చెప్పాను. "అవుద్దండీ," అన్నాడు మావయ్య.

శుక్రవారం నాన్నా నేనూ ఏలూరు వెళ్లాం. కరస్పాండెంట్ గారు భారీ మనిషి, నెమ్మదిగా మాట్లాడతారు. మమ్మల్ని కూర్చోబెట్టి, మంచినీళ్లు ఇప్పించి, అద్దాలు తుడుచుకుని, "మాస్టారూ, ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీ తోటలో బోరు వేస్తే నీళ్లకి బదులు కిరోసిన్ పడిందాండీ?" అన్నారు. నాన్నకి అర్థం కాలేదు. నాకు అర్థమై చెమటలు పట్టాయి. పండు కోయగానే ఇల్లంతా డీజిలు వాసన కొట్టిందట. ఇంటికొచ్చిన బిషప్పు గారి బంధువు ఒకాయన మొహమాటానికి రెండు ముక్కలు తిని, సాయంత్రం దాకా అదే తేనుపట. నాన్న తెల్లచొక్కా కంటే తెల్లగా అయిపోయారు. నేను ఆయన వైపు చూడలేక, "ఆ బుట్టలో గడ్డి ఏం చేశారండీ?" అని అడిగేశాను. ఇంటర్వ్యూకి వచ్చిన పిల్ల అడగాల్సిన ప్రశ్న కాదు. గేదెకి వేశామని, గేదె కూడా మూతి తిప్పుకుందని చెప్పారు. అయితే గడ్డి అక్కడే ఉందన్నమాట. "ఒక్క నిమిషం అండీ," అని లేచి పెరట్లోకి వెళ్లాను.

ఆ గడ్డినంతా పరక పరకా విడదీశాను. పక్కన గేదె నిలబడి చూస్తోంది. వెనక కరస్పాండెంట్ గారు, ఆయన వెనక నాన్న. "ఏం వెతుకుతున్నావమ్మా?" అన్నారాయన. హాఫ్‌మూన్ అండీ అన్నాను. అదేంటో, దేనికో, శనివారం మధ్యాహ్నానికి ఎందుకు కావాలో అంతా చెప్పాను. నా జీవితంలో అంత బాగా ఏ పాఠమూ చెప్పలేదు. ఆయన మధ్యలో రెండు అనుమానాలు కూడా అడిగారు. "టీచరు ఎందుకవ్వాలనుకుంటున్నావు?" అని చివర్లో అడిగితే, "నాన్నగారు అనుకుంటున్నారండీ," అని నిజం నోరుజారింది. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. "చెప్పడం వచ్చు. సీటు ఇస్తున్నాను. జూన్‌లో రా, చేతులు కడుక్కుని రా," అన్నారు. సీటు దొరికింది, హాఫ్‌మూన్ దొరకలేదు. బస్సులో నాన్న నూజివీడు దాకా ఒక్క మాట మాట్లాడలేదు. దిగేముందు మాత్రం, "పెద్దరసాలు," అన్నారు. అంత బాధ ఆయన గొంతులో అదివరకెప్పుడూ వినలేదు.

శనివారం తెల్లారేసరికి షెడ్డులో ఉన్నాను. ఆ ముక్క కొనుక్కు రావాలంటే విజయవాడ వెళ్లాలి, అంత టైము లేదు. మావయ్య మంచం మీద పడుకునే, "చేద్దామే," అన్నాడు. "ఎవరు?" అన్నాను. "నా చేతులు వణుకుతున్నాయి. ఇంకెవరున్నారిక్కడ, కోతులా?" అన్నాడు. లావుపాటి పాత బోల్టు ఒకటి వెతికించి, వైసులో బిగించి, అరటికాయని చక్రాల్లా కోసినట్టు హ్యాక్సా రంపంతో ఒక బిళ్ల కోయమన్నాడు. బిళ్లని సగానికి కోస్తే రెండు అరచందమామలు. ఇక మందం సరిచేయాలి, ఆకురాయితో. "సుత్తితో సుతారంగా తడితే గాడిలో దూరాలి. వేలితో నొక్కితే దూరిందంటే పారెయ్. కొట్టి కొట్టి ఎక్కించాల్సొచ్చినా పారెయ్." చెప్పడానికి ఎంత తేలిక. మొదటిది ఎక్కువ రుద్దాను, పళ్లెంలో గింజలా గలగలలాడింది. రెండోది ఒక అంచు ఎత్తు, ఒక అంచు పల్లం. మళ్లీ బిళ్ల కోశాను. అరచేతిలో బొబ్బ లేచి, పగిలి, ఆకురాయి పిడి జిగురుగా అయింది. "చాలా?" అంటే, "నన్నడుగుతావేంటే? దాన్నడుగు," అనేవాడు మావయ్య. నాలుగు రుద్దులు, ఒకసారి గాడిలో పెట్టి చూడడం. మళ్లీ రెండు రుద్దులు. ఒక చోట చెయ్యి దానంతటదే ఆగిపోయింది. ఎందుకు ఆగిందో చెప్పలేను. సుత్తితో తట్టాను. టక్కుమని కూర్చుంది. ఆ చప్పుడు నాకిప్పటికీ చెవుల్లో ఉంది.

పంపు బిగించి, డీజిలు గొట్టాల్లో గాలి తీసేసి, సెల్ఫ్ కొట్టేసరికి రాఘవయ్య గారు గొడుగు వేసుకుని వచ్చి నిలబడ్డారు. మొదటిసారి దగ్గింది. రెండోసారి నల్లటి పొగ వదిలి అందుకుంది. మావయ్య మంచం మీంచి లేచి కూర్చుని, "హల్లెలూయా!" అని అరిచి, ఆయాసంతో మళ్లీ పడుకున్నాడు. రాఘవయ్య గారు ఇంజను చుట్టూ ఒకసారి తిరిగి, "ఎవరు బిగించారు?" అన్నారు. మావయ్య నన్ను చూపించాడు. ఆయన గొడుగు ముడిచి, "అయితే అమ్మాయీ, దారిలో ఆగిపోతే నిన్నే తిట్టుకోవాలన్నమాట," అన్నారు. తిట్టుకోవడానికి నా పేరు అడిగి తెలుసుకున్నారు. అంతవరకూ ఆ షెడ్డులో నాకు పేరు లేదు, క్యారియర్ పిల్లనే. బండి లోడుకి వెళ్లిపోయాక, కిరోసిన్ సీసా తీసుకుని, నాన్నకి ఇచ్చిన మాట ప్రకారం చేతులు కడుక్కోబోయాను. మూత తీశాను, మళ్లీ పెట్టేశాను. కడుక్కోలేకపోయాను. చిన్నపిల్లలా ఏడ్చాను కూడా. చెయ్యలేనేమో అని అంతవరకూ భయం, ఇప్పుడు చెయ్యగలనని తెలిసిపోయింది. ఇక వదిలేస్తే తప్పు నాదే అవుతుంది.

ఆ చేతులతోనే వెళ్లి నాన్న ముందు నిలబడ్డాను. మాట తప్పుతున్నాను నాన్నా, ఐటీఐలో మోటార్ మెకానిక్‌కి చేరతాను అన్నాను. అమ్మ వంటింటి గుమ్మంలో గరిటెతో ఆగిపోయింది. నాన్న నా అరచేతిలో బొబ్బలు చూశారు. మాస్టారు కదా, తిట్టే ముందు ప్రశ్న అడిగారు. "అది సరిపోయిందని నీకెలా తెలిసింది?" నేను నిజమే చెప్పాను, నాకు తెలియలేదు నాన్నా, చేతికి తెలిసింది అని. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ పై ఆదివారం చర్చి బయట ఎవరో, మీ అమ్మాయి ట్రైనింగ్ ఎప్పుడండీ అని అడిగితే, గొంతు సవరించుకుని, "మా అమ్మాయి మోటారు మెకానిజం చదువుతుందండీ," అన్నారు. మెకానిక్ అనడానికి నోరు రాలేదు, మెకానిజం అన్నారు. చనిపోయేదాకా అదే అన్నారు. అది చాలు నాకు. మావయ్యకి మాత్రం అప్పటి నుంచి, మరక పడితే పడిందని, అందరిలాగే గుడ్డ పరిచిన కుర్చీ వేయించారు.

ఈ కథని నేను ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. చెప్పిన ప్రతిసారీ మామ్మ పక్కనుంటే అడ్డం వచ్చేది. "అంతా నా ప్రార్థన వల్లే," అనేది. "నీ ప్రార్థన కాదు, నా ఆకురాయి," అనేదాన్ని నేను. ప్రతి క్రిస్మస్‌కీ ఇదే తగువు. ఆమె పోయాక తగువాడేవాళ్లు లేక కథ చెప్పడం తగ్గించాను. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లందరికీ మాత్రం మొదటి రోజు మొదటి పాఠం ఒకటే. విప్పిన సామాను మూటగడితే రెండు ముళ్లు వేయాలి. ఒక్క ముడి వేసినవాణ్ని మూడు తరాలకి సరిపడా తిట్టేదాన్ని. నలభై ఏళ్లు, ఒక్క ముడి వేసిన పాపానికి, నన్ను నేను తిట్టుకున్నదానికి కొనసాగింపే అది.

ఇప్పుడు మాగబెట్టే గదులు ఎవరికీ అక్కర్లేదు. కాయలకి చల్లటి గదులొచ్చాయి, గ్యాసు పెడితే అన్నీ ఒకే రోజు, ఒకే రంగులో పండుతున్నాయి. ఏ మూలవి ఇవాళ్టివో చెప్పే ముక్కు అవసరం లేదు. బండ్లూ అంతే. చిన్న పెట్టె ఒకటి తగిలిస్తే రోగం పేరు అదే చెబుతుంది. పాడైన ముక్కని చెయ్యడం లేదు, దాని చుట్టూ ఉన్నదంతా కలిపి మార్చేస్తున్నారు. కరెంటు ఆటోలు వచ్చాక డీజిలు పంపే లేదు, ఇక హాఫ్‌మూన్ ఎక్కడిది? విజయవాడ సర్వీస్ సెంటర్లో యూనిఫాం వేసుకున్న అమ్మాయిలు ఏసీలో నిలబడి బోనెట్లు ఎత్తుతున్నారు. ప్యాంట్లకి ఆరు జేబులు. వాళ్లని చూసి సంతోషించాలని ఉంటుంది, ముందు అసూయే వస్తుంది. మా రోజులే గొప్పవని నేను అనను. చీర కుచ్చిళ్లు నడుముకి చెక్కుకుని జీపు కింద దూరినదాన్ని, నాకా గొప్పలు చెప్పేది? కానీ చెయ్యి ఆగాల్సిన చోట ఆగడం అనేది ఒకటుంది. అది ఆ పెట్టెలో కనిపించదు.

అసలు సంగతికి వస్తాను. ఆ రోజు మట్టిపెళ్లల మీద కూర్చుని డబ్బా చేతిలో పట్టుకుని మామ్మని నోరారా తిట్టాను. దొంగ ముసలిదానా అన్నాను. ప్రవీణ్ కంగారుపడ్డాడు. గూటికి అడ్డంగా ఇటుక పెట్టి మట్టితో మెత్తేసిందట, అందుకే ఎవరి కంటా పడలేదు. నేను మెకానిక్ అవ్వకూడదని తీసి దాచిందన్నమాట. ముక్క లేకపోతే బండి కదలదు, బండి కదలకపోతే పిల్ల దారికొస్తుంది. అంతే కదా? కానీ మరుక్షణం ఇంకొకటి తట్టింది. ఎల్లుండి పండేదాన్ని ఇవాళే పసిగట్టే ముక్కు ఆమెది. ఆ గదిలో డీజిలు మూట పెట్టిన పూటే ఆమెకి తెలిసిపోయి ఉండాలి. తెలిసీ, అదే మూల పండ్లని, అదే గడ్డి వేసి, సీటు ఇవ్వాల్సిన మనిషికి పంపింది. పైన ప్రార్థన కూడా చేసి! అంటే మెకానిక్ అవ్వకుండా ఒక అడ్డం, టీచర్ అవ్వకుండా ఒక అడ్డం. ఏం కావాలే నీకు అని అడుగుదామంటే మనిషి లేదు.

డబ్బా మళ్లీ తీసి చూశాను. ఆ ముక్క ఊరికే పడేసి లేదు. తన పాత చీర పేలికలో చుట్టి ఉంది. పేలిక ఆముదంలో తడిపింది, అది ఇన్నేళ్లకి గట్టిపడి చర్మంలా అయిపోయింది. దాన్ని గోటితో మొత్తం ఒలిస్తే లోపల హాఫ్‌మూన్ కొత్తదానిలా మెరుస్తోంది. ఒక్క తుప్పు మచ్చ లేదు. నేను సామానుని డీజిలు తడి గుడ్డలో చుట్టి ఉంచడం చూసి నేర్చుకుని ఉంటుంది. పేలికకి రెండు ముళ్లు వేసి ఉన్నాయి. శాశ్వతంగా మాయం చేద్దామనుకున్న మనిషి బావిలో పడేస్తుంది, కోతి చేసినట్టు. తుప్పు పట్టకుండా దాచదు. ఇది ఎప్పటికైనా నాకు అవసరం పడుతుందని ఆమెకి తెలుసు. నా మనసు పండేదాకా ఆగుదామని గూట్లో పెట్టింది. ఈలోపు నేనే ఇంకోటి చేసుకున్నాను కాబట్టి ఇవ్వాల్సిన పని లేకపోయింది. ఇవ్వడానికి సిగ్గు కూడా పడి ఉంటుంది.

ఆ గురువారం పొద్దున ఆమె దాన్ని నా చేతిలో పెట్టి ఉంటే నాలుగు బోల్టులు బిగించి, చేతులు కడుక్కుని, ఏలూరు వెళ్లిపోయేదాన్ని. ముప్పై ఏళ్లు ఎక్కాలు చెప్పి, ఇప్పుడు పెన్షన్ తీసుకుంటూ, స్కూటర్ ఆగిపోతే రోడ్డు మీద నిలబడి మెకానిక్ కోసం చూసేదాన్ని. అది తలుచుకునేసరికి ఏడుపొచ్చింది. ఏమైందత్తా అని ప్రవీణ్ అడిగితే, నీ కారు రంగు బాగోలేదురా అన్నాను. హాఫ్‌మూన్‌ని మళ్లీ ఆ పేలికలోనే చుట్టి, రెండు ముళ్లు వేసి, డబ్బాని నడుముకి దోపుకుని షెడ్డుకి వచ్చేశాను. క్రిస్మస్ తగువుల్లో మామ్మతో అన్న మాట ఒకటి సవరించుకోవాలి. ఆకురాయి నాదే మామ్మా, అది మాత్రం ఒప్పుకోను. పట్టుకునేలా చేసింది నువ్వు.